మూత చప్పుడు

మార్చి 12, బుధవారం, సాయంత్రం నాలుగున్నర
ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా

తీపికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పద్ధతి. అటువైపు నువ్వు కుశలమే అనుకుంటున్నాను, అలాగే ఉండాలి కూడా. ఇటువైపు సంగతి మాత్రం ఇంకో గంటకి రక్తపరీక్ష కాగితం వస్తే గానీ చెప్పలేను.

కవరు మీద నా చేతిరాత చూసి చింపెయ్యబోయి ఉంటావు. చింపు, కాదనను. కాకపోతే చదివాక చింపు. ఫోను చేద్దామంటే నా గొంతు వినగానే పెట్టేస్తావు. ఆరేళ్ళుగా ఒక్క ముక్క రాయనిదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నా కళ్ళు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి. డాక్టరమ్మ నన్ను ఈ బెంచీ మీద కూర్చోబెట్టి, చూపులో ఏమాత్రం తేడా వచ్చినా కేకెయ్యమంది. తేడా అంటే ఎలా ఉంటుందండీ అని అడిగాను. మంచు పట్టినట్టు, పాలు కలిపినట్టు ఉంటుంది అంది. అప్పట్నుంచి ఎదురుగోడ మీది నోటీసు చదువుతూ కూర్చున్నాను. ఇక్కడ ఉమ్మరాదు, ఇక్కడ ఉమ్మరాదు. నలభైసార్లు చదివేసరికి బట్టీ వచ్చేసింది. ఇప్పుడది కనబడి చదువుతున్నానో, గుర్తుండి చదువుతున్నానో తెలియడం లేదు. అందుకని నర్సుని బతిమాలి ఈ కాగితాలు తెచ్చుకున్నాను. కొత్త మాటలు రాస్తే కొత్తగా చదువుకోవచ్చు కదా. ఎవరికి రాయను అనుకుంటే నువ్వే తట్టావు. నా భయం నీకు చెప్పుకుంటే సగమయ్యేది, ట్రైనింగు రోజుల నుంచీ అంతే.

సరే, మొదట్నుంచీ చెబుతాను.

సోమవారం స్టోరు నుంచి మన బార్‌కి కొత్త రమ్ము పెట్టెలు వచ్చాయి. మనం ఎప్పుడూ వాడే తెల్ల రమ్మే. అదే సీసా, అదే లేబులు. మధ్యాహ్నం కౌంటరు సర్దుకుంటూ ఒక సీసా మూత తిప్పాను. తిరిగింది. చప్పుడు రాలేదు. ఏ చప్పుడో నీకు చెప్పక్కర్లేదు. సీలు తెగేటప్పుడు చిటికెనవేలు విరుచుకున్నట్టు వస్తుందే, అది. మూత కింద పట్టీ మూతతో పాటే తిరిగి నా చేతిలోకి ఊడొచ్చింది. ఒక్క క్షణం ఆగాను. వాసన చూశాను, రమ్ము వాసనే. నాలిక మీద చుక్క వేసుకున్నాను, రమ్ము రుచే. ఎవరికైనా చెబితే ఏమవుతుందో కూడా ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. అది నీకంటే బాగా ఎవరికి తెలుసు? మూత మళ్ళీ బిగించి సీసాని అరలో నిలబెట్టాను.

మంగళవారం దాన్నే వాడాను.

మంగళవారాలు సాయంత్రం నాలుగింటికి, జనం రాకముందే, ఒక పెద్దాయన వస్తాడు. మూల స్టూలు ఆయనది. ఆయన గురించి ఎక్కువ రాయను, ఎక్కడా తన ప్రస్తావన తేవద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఒకే ఒక్క డైకిరీ తాగుతాడు. అది చేసేముందు నేను దాని కథ చెప్పాలి. అదీ మన బార్ మేస్త్రి మనకి మొదటి వారం చెప్పాడే, అక్షరం పొల్లుపోకుండా అలాగే చెప్పాలి. నడుమ ఒక ముక్క మింగేస్తే, దెయ్యం సంగతి ఎగ్గొట్టావేం అని నిలదీస్తాడు.

నీకు గుర్తుందా అదంతా? చెరకు పండే దీవుల్లో పంచదార వండాక అడుగున నల్లటి మడ్డి మిగిలేది. ఎందుకూ పనికిరాదని దొరలు వదిలేస్తే, ఆ తోటల్లో బానిసలుగా గొడ్డుచాకిరీ చేసినవాళ్ళు అది పులిస్తే మత్తెక్కుతుందని కనిపెట్టారు. ఆ తొలినాటి రమ్ముకి దెయ్యాన్ని చంపేది అని పేరట. దెయ్యాల మాట దేవుడెరుగు, మనుషుల్ని మాత్రం బాగానే చంపేది అనేవాడు మేస్త్రి. తర్వాత అది ఓడల్లో పనివాళ్ళకి రోజువారీ బత్తెం అయింది. తాగి దొర్లుతున్నారని నీళ్ళు కలిపారు, కొన్నాళ్ళకి చిగుళ్ళలోంచి నెత్తురు కారకుండా నిమ్మరసం పిండారు. ఆ తర్వాతెప్పుడో, నూరేళ్ళ పైమాటే, ఒక దీవిలో ఇనుప గనుల దగ్గర ఒక ఇంజినీరు ఇంటికి చుట్టాలొచ్చారట. ఇంట్లో జిన్ను నిండుకుంది. ఊళ్ళో దొరికేది నాటు రమ్మే. వట్టిది ఇస్తే పరువు పోతుందని నిమ్మకాయ పిండి, పంచదార వేసి, ఐసుతో గిలకొట్టి ఇచ్చాడు. ఇదేమిటయ్యా బాగుందే అంటే, పేరు తోచక గనుల ఊరి పేరే చెప్పేశాడు. డైకిరీ. నిజమో కట్టుకథో, మేమే కనిపెట్టామని చెప్పుకునేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారనుకో. మేస్త్రికి మాత్రం ఈ కథే ఇష్టం. లేమిలోంచి పుట్టిందర్రా ఇది, అందుకే ఇంత బాగుంటుంది అనేవాడు.

కథయ్యాక చేస్తాను. రమ్ము రెండు పాళ్ళు, అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం ఒక పాలు, పంచదార పాకం ముప్పాతిక పాలు. షేకర్ నిండా ఐసు. పైన మంచు పేరుకుని వేళ్ళు కొంకర్లు పోయేదాకా గిలకొట్టడం, ముందే చల్లబెట్టిన కాడ గ్లాసులోకి రెండు జల్లెళ్ళ మీద వడగట్టడం. అంతే. ఆకూ లేదు అలమూ లేదు. నీకు తీపి, నాకు పులుపు అని మేస్త్రి పేర్లు పెట్టింది దీని దగ్గరే కదా. నువ్వు పాకం ధారాళంగా ఒంపేదానివి, నేను నిమ్మకాయ పిప్పి అయ్యేదాకా వదిలేదాన్ని కాదు. మీ ఇద్దర్నీ కలిపి గిలకొడితే గానీ ఒక మనిషి తయారవదర్రా అని నవ్వేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. ఇందులో ఉన్నవి మూడే సరుకులు, చెడ్డ రమ్ముకి దాక్కోవడానికి చోటే లేదు, మొదటి గుక్కలో పట్టుబడిపోతుంది అని. పాపం మేస్త్రి. చోటుందే. కావలసినంత చోటుంది.

నిన్న ఆయన ఒకటికి బదులు రెండు తాగాడు. మోకాలు సలుపుతోంది, ఇంకోటి ఇవ్వమ్మా అన్నాడు. ఇచ్చాను. తర్వాత హోటల్లో దిగిన ఒక జంట చెరొకటి అడిగారు. ప్రతి గ్లాసు నుంచీ గొట్టంతో ఒక్కో చుక్క నేను రుచి చూశాను, మన అలవాటే. డ్యూటీ దిగుతూ సీసాలో మిగిలింది కెప్టెన్ అన్న ఒంపుకున్నాడు. ఇతను నీకు తెలియదు, నువ్వు వెళ్ళిపోయాక వచ్చాడు. హాలు మొత్తం ఇతని చేతిలో ఉంటుంది. ఇరవై టేబుళ్ళ ఆర్డర్లు కాగితం ముట్టకుండా బుర్రలో పెట్టుకుంటాడు.

ఈవేళ పన్నెండింటికి పనిలోకి వస్తూనే కుర్చీకి తట్టుకున్నాడు. లైట్లు వెయ్యలేదేంట్రా అన్నాడు. హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. వేళాకోళం ఆడుతున్నాడనుకుని నేను నవ్వాను కూడా. ఆ నవ్వు ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉంది. గోడ పట్టుకుని కూలబడి వాంతి చేసుకుంటుంటే అప్పుడు పరుగెత్తాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని కళ్ళలోకి లైటు వేసి చూసి, నిన్న ఇతను ఏం తాగాడు అని అడిగింది. మూత తిరిగిన తీరు నా వేళ్ళకి గుర్తొచ్చింది.

రమ్ములో మిథనాల్ కలిసి ఉంటుంది అందావిడ. పరిశ్రమల్లో వాడే స్పిరిట్ట. రంగూ రుచీ వాసనా మామూలు మందులాగే ఉంటాయట. తాగిన పూట ఏమీ తెలియదు, మర్నాటికి కళ్ళ మీద పడుతుంది, ఆ తర్వాత ప్రాణం మీద. వెంటనే ఇంకో మాట అడిగింది. ఇది ఇంకెవరెవరు తాగారు?

జంట కోసం హోటలుకి ఫోను చేశారు. అదృష్టం, గదిలోనే ఉన్నారు. పుల్లగా ఉందని సగంలోనే వదిలేశారట, చూపు బాగానే ఉందట, అయినా రక్తపరీక్షకి రమ్మన్నారు. ఇన్నేళ్ళ పనిలో నా చేతి పానీయం బాగోలేదంటే సంతోషించడం ఇదే మొదలు.

పెద్దాయన కోసం నేనే పరుగెత్తాను. ఆయన కొట్టు నాకు తెలుసు. మూసి ఉంది. బుధవారం మూసే కొట్టు కాదది. పక్క కొట్టు టైలరు మిషను ఆపి, పొద్దుట్నుంచీ తియ్యలేదమ్మా అన్నాడు. ఇల్లు రెండు వీధుల అవతల. ఆ రెండు వీధులూ ఎలా దాటానో నాకు తెలియదు. తలుపు బాదాను. పలుకు లేదు. పిలిచాను. చాలాసేపటికి లోపల్నుంచి ఒక చప్పుడు. గొళ్ళెం ఎక్కడుందో తెలియక అరచెయ్యి చెక్క మీద పైకీ కిందికీ పాకుతోంది. అది వింటూ తలుపు ఇవతల నిలబడటం ఉంది చూశావూ, పగవాడికి కూడా వద్దే.

తలుపు తెరుచుకుంది. బయట ఎండ మండిపోతోంది. ఆయన నా మొహానికి కాస్త పక్కగా చూస్తూ, ఎవరమ్మా, ఈవేళ మంచు బాగా పట్టిందే అన్నాడు.

టాక్సీలో ఆయన చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. ఏమైందమ్మా అని ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. నా చేతి పానీయమే తాగావు, అందుకే అని చెప్పే ధైర్యం లేదు. ఏం కాలేదు, ఏం కాలేదు అన్నాను.

ఇక్కడికి వచ్చాక అసలు భయం మొదలైంది. దీనికి విరుగుడు మందు ఒకటుంది, అది ఇక్కడ లేదు, పెద్దాసుపత్రి నుంచి తెప్పించాలి, రేపు పొద్దుటికి వస్తుంది అంది డాక్టరమ్మ. అప్పటిదాకా ఎలాగండీ అంటే నా వంక అదోలా చూసి, నువ్వు బార్లో పనిచేస్తావు కదా, సీలు విప్పని స్వచ్ఛమైన మద్యం తేగలవా అని అడిగింది. నాకు మతిపోయింది. విషం తాగిన మనిషికి మళ్ళీ మందు పొయ్యడమేమిటి? ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో ఈ రెండూ ఒకే గుమ్మం దగ్గర నిలబడతాయట. మంచిదాన్ని ముందు నిలబెడితే చెడ్డది లోపలికి పోయి విషంగా మారలేక, నెమ్మదిగా బయటికి పోతుందట. ముల్లుని ముల్లుతో తియ్యడమే. ఇది నేను దగ్గరుండి, రక్తం చూసుకుంటూ చేసే పని, ఇళ్ళల్లో ఎవరైనా సొంతంగా చేస్తే చంపుకుంటారు అని కూడా గట్టిగా చెప్పింది.

పెద్ద మందుల షాపుకి, అంటే తాగే మందు షాపుకే, వెళ్ళి అరల ముందు నిలబడ్డాను. గోడ పొడుగునా సీసాలు. వాటిలో ఏది మంచిదో చెప్పవే. పదిహేనేళ్ళుగా ఇదే నా బతుకు, కళ్ళు మూసుకుని వాసన పట్టి ఏది ఏదో చెప్పేదాన్ని. ఈవేళ ఒక్కదాని మీదకీ చెయ్యి పోలేదు. ప్రతి లేబులూ నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. చివరికి మూడు వేరువేరు రకాల వోడ్కా సీసాలు కొని ఆసుపత్రికి తెచ్చాను. డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని మరీ మూతలు తిప్పాను. మూడింటికీ టిక్ మంది. అయినా నమ్మకం కలగలేదు. ల్యాబుకి పంపించి అరగంటలో బాగానే ఉందని చెప్పించాక గానీ ఆవిడా ఒప్పుకోలేదు.

కొలత ఆవిడ చెప్పింది. నా చేతి సంచిలో కొలత గ్లాసు ఉంది. నువ్వే పొయ్యి, నీకు అలవాటు కదా అంది. మొదటిసారి సగం బల్ల మీద ఒలికింది. జీవితంలో నా చేతి కొలత తప్పడం అదే మొదలు. పండ్లరసంలో కలిపి కెప్టెన్ అన్నకీ పెద్దాయనకీ తాగించాం. గంట గంటకీ ఇంత చొప్పున తాగించాలి. పెద్దాయన మొదటి గుక్క మింగి, ఇందులో నిమ్మకాయ తక్కువైందమ్మా అన్నాడు. నేను బయటికొచ్చేసి ఏడ్చాను.

నర్సు పిలుస్తోంది, ఐదింటి కొలత. ఈ పేజీ మొత్తం మళ్ళీ చదివాను, అక్షరాలు కనబడుతున్నాయి. ఇప్పటికింతే.

మార్చి 13, గురువారం, ఉదయం పదకొండు

నా రక్తంలో ఉన్నది నామమాత్రమట. ఇంటికి పొమ్మన్నారు. పోలేదు. అద్దంలో కళ్ళు చూసుకున్నాను, ఒక కన్ను మూసి ఒకసారి, ఇంకోటి మూసి ఒకసారి. తెల్లవారి లేవగానే చేసిన పని అదే.

విరుగుడు మందు ఎనిమిదింటికి వచ్చింది. పెద్దాయనకి ఎదుటివాళ్ళ ఆకారాలు తెలుస్తున్నాయి. కెప్టెన్ అన్నకి ఇంకా ఏమీ లేదు. అతను తాగింది ఎక్కువ, రక్తం శుద్ధి చేసే మిషను పెట్టారు. భార్య వచ్చింది. ఆమె మంచం దగ్గరికి రాకముందే అడుగుల చప్పుడు విని, వచ్చావా అన్నాడు. ఆమె ఏడుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

పొద్దున్నే మేనేజరూ స్టోరు బాబూ వచ్చారు. స్టోరు బాబంటే సరుకు కొనేదీ లోపల పెట్టేదీ ఇతనే. పండ్లు తెచ్చారు. వరండా చివరికి పిలిచి మేనేజరు చాలా మెత్తగా మాట్లాడాడు. కెప్టెన్ బయటెక్కడో తాగి వచ్చాడనుకుందాం, నీకూ నాకూ గొడవ ఉండదు, ఆదివారం పెద్ద పార్టీ ఉంది, ఎనభై మంది, డైకిరీలు నువ్వే చెయ్యాలి అన్నాడు. ఆ పెట్టెల్లోని రమ్ముతోనేనా అని అడిగాను. ఒక సీసా తేడా వస్తే పెట్టెలన్నీ పారబోస్తామా అన్నాడు.

స్టోరు బాబు అప్పటిదాకా నోరు విప్పలేదు. వెళ్ళబోతూ ఆగి, ఇందాక మీ వీధి మీంచే వచ్చాను, మీ అమ్మగారు మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు, ఒంటరిగా ఉంటారు కదా పాపం, గేటు కూడా వెయ్యలేదు అన్నాడు. అంతే. ఒక్క కటువైన మాట లేదు. పండ్ల సంచి నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆ సంచి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. తర్వాత చెత్తబుట్టలో పడేశాను. ఆ పండ్లు తినాలన్నా భయమేసిందే, నమ్ముతావా?

అమ్మకి ఫోను చేసి, బట్టలు సర్దుకుని పిన్ని ఇంటికి పొమ్మన్నాను. ఎందుకే అంటే, పిన్నికి జ్వరమని అబద్ధం చెప్పాను. పిన్నికి ఫోను చేసి, నీకు జ్వరం అన్నాను. సరేనే, దుప్పటి కప్పుకుంటాను అంది పిన్ని. మా వాళ్ళలో ప్రశ్నలు అడగని మనిషి ఆవిడొక్కతే.

నా సంచిలో ఒక సీసా ఉంది. నిన్న కెప్టెన్ అన్నని తీసుకొస్తూ ఏం ఆలోచించానో, ఆ పెట్టెలోంచి విప్పని సీసా ఒకటి పట్టుకొచ్చాను. అది పోలీసు ఇన్‌స్పెక్టర్ చేతిలో పెడితే ఒక సంగతి. నదిలోకి విసిరేస్తే ఒక సంగతి. ఇప్పుడు నువ్వు నా పక్కన ఉంటే బాగుండును. నువ్వయితే ఆలోచించే పనే లేదు.

మార్చి 16, ఆదివారం

ఇచ్చేశాను.

గురువారం మధ్యాహ్నమే. ధైర్యం వచ్చి కాదు. ఎనభై గ్లాసులు కళ్ళముందు వరసగా కనబడ్డాయి, వాటిని నింపుతున్న చేతులు నావి. ఆ భయం ముందు స్టోరు బాబు భయం చిన్నదైపోయింది. ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రికే వచ్చి నా మాటలు రాసుకున్నాడు. సోమవారమే అనుమానం వచ్చిందా అని అడిగాడు. వచ్చింది అన్నాను. మరి ఎందుకు వాడావు? భయపడ్డాను అన్నాను. అలాగే రాశాడు. చదివి సంతకం పెట్టమన్నాడు. నేను భయపడ్డాను అన్న మాట వేరేవాళ్ళ చేతిరాతలో ఎలా ఉంటుందో చూశానే.

పెట్టెలన్నీ పట్టుకున్నారు. స్టోరు బాబు మాత్రం పారిపోయాడు. మేనేజరుని స్టేషనుకి తీసుకెళ్ళారు, బార్‌కి సీలు వేశారు. ఈవేళ్టి పార్టీ రద్దయింది. ఆ ఎనభై మందిలో ఒక్కరికీ తెలియదు ఈవేళ తామెందుకు హాయిగా ఇంట్లో కూర్చున్నారో. నాకు ఉద్యోగం లేదు. నా మీద కూడా కేసు ఉంటుందో లేదో ఇంకా చెప్పలేదు. ఉంటే ఉండనీ, అన్యాయమని అనను. పిన్ని ఇంట్లో ఎవరు తలుపు కొట్టినా నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. పాలవాడు నిన్న కంగారుపడ్డాడు, నేను కిటికీలోంచి అరగంట ప్రశ్నలు వేశానని.

కెప్టెన్ అన్నకి చూపు రాలేదు. వెలుగూ చీకటీ తేడా తెలుస్తుందంతే. ఇంతకుమించి ఆశపెట్టుకోవద్దన్నారు. నిన్న ఆ మంచం పక్కన కూర్చుని మూత సంగతి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. మొహం గోడవైపు తిప్పుకుని, ఇంక రేపట్నుంచి రాకు అన్నాడు. ఆ మాటకి ఎదురు చెప్పే హక్కు నాకు లేదు.

ఇప్పుడు నీ మాట. ఆరేళ్ళ కిందట నువ్వు మేనేజరు గదిలో, జిన్ను సీసాలు మళ్ళీ నింపి పెడుతున్నారు, మూతలు చప్పుడు కావడం లేదు అని చెప్పావు. ఆయన నన్ను పిలిచి, నువ్వేమైనా గమనించావా అని అడిగాడు. నువ్వు నా వంక చూశావు. నేను గమనించలేదండీ అన్నాను. నువ్వు అబద్ధాలకోరువని ఉద్యోగం తీసేశారు.

నేను గమనించాను. నీకంటే రెండ్రోజుల ముందే గమనించాను. ఎవరూ చావలేదు కదా, నా ఉద్యోగం నాకుంది కదా అని ఆరేళ్ళు సర్దిచెప్పుకున్నాను. సోమవారం మూత మళ్ళీ బిగించిన చెయ్యి కొత్తది కాదే. ఆరేళ్ళ కిందట నేర్చుకున్న పనే అది. ఇన్‌స్పెక్టర్‌కి ఇదంతా కూడా చెప్పాను. నీ మాట నిజమని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. దానివల్ల నీకు ఒరిగేదేమీ లేదని తెలుసు. క్షమించమని అడగను. చదివితే చాలు.

ఇట్లు,
ఒకప్పటి నీ
పులుపు

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. భయపడకుండా చదువు, ముందు చివరి మాటే చెబుతున్నాను: ప్రాణానికి ఢోకా లేదు. గండం గడిచిందని డాక్టరమ్మ నాతో స్వయంగా చెప్పింది.

మూల స్టూలు పెద్దాయన మీ నాన్న.

తిన్నది పడలేదు, రెండ్రోజులు ఆసుపత్రిలో ఉంటానని శుక్రవారం నీకు ఫోను చేశాడు కదా, అప్పుడు ఆయన పక్కనే ఉన్నాను. కుడికన్ను దాదాపు బాగుంది. ఎడమకన్ను నడుమ మంచు విడవలేదు. ఇక వాచీ విప్పి అందులో ముల్లు సరిచెయ్యగలడో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఆ సంగతి నీకు తెలియనివ్వద్దన్నాడు.

మంగళవారాలు చదరంగానికి వెళ్తున్నానని నీతో చెప్పేవాడట. చదరంగం లేదు ఏమీ లేదు. నీ ఉద్యోగం పోయిన నెలలోనే ఒక మంగళవారం వచ్చి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. మా అమ్మాయి అబద్ధం చెప్పిందా అమ్మా అని ఒక్కటే అడిగాడు. నేను తుడిచిన గ్లాసే మళ్ళీ తుడుస్తూ ఉండిపోయాను. ఆయన రెట్టించలేదు. అది చేసే రమ్ము పానీయం ఏదో ఉందటగా, ఇవ్వు, దాని కథ కూడా చెప్పు, ఇంట్లో నాకు చెప్పేది అన్నాడు. ఆరేళ్ళు అలాగే వచ్చాడు. దేనికోసం వస్తున్నాడో నాకు తెలుసు. తెలిసే ఆయనకి కథ చెప్పి పంపించేదాన్ని.

నిన్న సాయంత్రం జవాబు చెప్పాను. లేదు బాబాయ్, అది నిజమే చెప్పింది, అబద్ధం నేను చెప్పాను అన్నాను. నీ మొహం సరిగ్గా కనబడటం లేదమ్మా, కాస్త దగ్గరికి రా అన్నాడు. వెళ్ళాను. ఈ మాట నాకు కాదు, దానికి చెప్పు అన్నాడు. తాను బార్‌కి వచ్చిన సంగతి మాత్రం రాయనని ఒట్టు వేయించుకున్నాడు, నీకు కోపం వస్తుందని. ఆ ఒట్టే ఇప్పుడు తప్పుతున్నాను.

వెంటనే బయల్దేరు. మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం. నా మొహం చూడటం ఇష్టం లేకపోతే పొద్దుటిపూట రా. నేను సాయంత్రాలే వెళ్తాను.